కుక్కల డెంటల్ కిట్: పేస్ట్ బాగుంది, మిగతా డబ్బా కోసం కొనకండి

కుక్కల పళ్లకి కిట్ అని ఒక డబ్బా అమ్ముతున్నారు కదా. ఎంజైమ్ పేస్ట్ ట్యూబు, వేలికి తొడుక్కునే సిలికాన్ బ్రష్‌లు, రెండు చివర్లా రెండు సైజుల తలలున్న పొడుగు బ్రష్, తాగే నీళ్లలో కలిపే లిక్విడ్ సీసా, పైగా ఫ్రీగా ఒక ఇనప గీకుడు పుల్ల, నమలడానికి కొమ్ము ముక్క. కొన్నాళ్లుగా వాడుతున్నాం. కంపెనీ పేరు రాయడం లేదు, ఇలాంటి కిట్లు వేరేవి కూడా చూశాను, ఇంచుమించు అదే సరుకు, డబ్బా మీద నవ్వే కుక్క బొమ్మ మారుతుంది అంతే.

పేస్ట్ సంగతి ముందు. డబ్బాలో నిజంగా పనికొచ్చేది ఇదే. చికెన్ రుచి, మా వాడికి ఎంత నచ్చిందంటే ట్యూబు మూత తీసిన చప్పుడు వినిపిస్తే ఎక్కడున్నా లేచి వస్తాడు. మన పేస్టే వాడేస్తే పోలా అని అడిగేవాళ్లు ఉంటారు, వద్దు. కుక్క ఉమ్మదు, అంతా మింగుతుంది, నురగ కోసం వేసేవీ ఫ్లోరైడూ నేరుగా కడుపులోకి పోతాయి. అంతకంటే టెన్షన్ పెట్టేది జైలిటాల్ అనే తీపి పదార్థం, కొన్ని పేస్టుల్లో ఉంటుంది. మనకి ఏమీ కాదు, కుక్కకి మాత్రం ఇన్సులిన్ ఒక్కసారిగా పెరిగి షుగర్ పడిపోతుంది, మోతాదు ఎక్కువైతే లివర్ కూడా దెబ్బతింటుంది. లేబుల్ మీద బర్చ్ షుగర్ అని ఉన్నా అదే, చూసుకోండి. ఈ పేస్ట్‌లో ఉన్నవి గ్లూకోజ్ ఆక్సిడేజ్, లాక్టోపెరాక్సిడేజ్ అనే ఎంజైములు, లాలాజలానికి సహజంగా ఉన్న క్రిములను అణిచే శక్తికి ఇవి తోడవుతాయి. మింగినా ఫర్వాలేదు, నోరు కడగక్కర్లేదు.

కానీ ట్యూబు మీద ‘బ్రష్ అక్కర్లేదు, కుక్క నాకితే చాలు’ అని రాశారు చూడండి, అది మాత్రం నమ్మకండి. పాచిని వదిలించేది రాపిడి. ఉత్త తడి బ్రష్‌తో రుద్దినా అసలు పని అయిపోతుంది, పేస్ట్ కుక్క నోరు తెరిపించడానికి ఇచ్చే లంచం లాంటిది. ఆ లంచం ఇది బాగా ఇస్తుంది, అందుకే మంచి మార్కులు.

వేలి బ్రష్‌లు మొదట్లో నోట్లో చెయ్యి పెట్టించుకోవడం అలవాటు చేయడానికి పనికొస్తాయి, అంతవరకే. సిలికాన్ ముళ్లు మరీ లావు, చిగురు అంచు కిందికి వెళ్లవు, అసలు పాచి చేరేదేమో అక్కడ. పైగా తడి అయితే వేలి మీంచి జారిపోతాయి. మా వాడు ఒకటి లాక్కుని మంచం కిందికి దూరాడు, దాన్ని మింగకముందే లాగేసరికి నా పని అయిపోయింది. నమిలే అలవాటున్న కుక్కయితే వీటి జోలికే పోవద్దు.

పొడుగు బ్రష్ పెద్ద తల చిన్న జాతులకి నోట్లోనే పట్టదు, కుచ్చు కూడా గట్టిగా ఉంది. చిన్న తల ఫర్వాలేదు గానీ నేను దాన్ని పక్కన పెట్టి చిన్నపిల్లల మెత్తటి బ్రష్ వాడుతున్నాను, తేడా బాగా తెలుస్తోంది. నాకు చిరాకు తెప్పించింది వాడకం కాగితం. బొమ్మలో ముందు పళ్లు తోముతూ చూపించారు. కుక్కకి గార ముందుగా, ఎక్కువగా పట్టేది పై దవడలో వెనక ఉండే పెద్ద పన్ను మీద, లాలాజలం వచ్చే గొట్టం దాని దగ్గరే తెరుచుకుంటుంది మరి. పెదవిని పైకెత్తి, బ్రష్‌ని చిగురు అంచు దగ్గర 45 డిగ్రీలు వాల్చి, బయటి వైపు రుద్దితే చాలు, లోపలి వైపు నాలుక కొంత చూసుకుంటుంది. నోరు పూర్తిగా తెరిపించే కుస్తీ అక్కర్లేదు. ఈ ఒక్క సంగతి కాగితం మీద రాసుంటే సగం మంది మధ్యలో మానేయరు.

వారానికి ఒకసారి చాలు అని కూడా రాశారు. చాలదు. మెత్తటి పాచి రెండు మూడు రోజుల్లోనే గట్టిపడి గార అవుతుంది, అయ్యాక ఏ బ్రష్‌కీ రాదు. రోజూ తోమాలి, కుదరకపోతే రోజు విడిచి రోజు.

నీళ్లలో కలిపే లిక్విడ్ శుద్ధ దండగ. వాసన నచ్చక మా వాడు ఆ గిన్నె వదిలేసి బకెట్లో నీళ్లు తాగడం మొదలెట్టాడు, పారబోశాను. ఇలాంటి లిక్విడ్లన్నీ పనికిరావని కాదు. వెటర్నరీ ఓరల్ హెల్త్ కౌన్సిల్ అని 1997 నుంచి ఒక సంస్థ ఉంది, పాచి లేదా గార తగ్గుతుందని ట్రయల్స్‌లో చూపించిన వాటికే తన ముద్ర ఇస్తుంది, కొన్ని లిక్విడ్లకీ నమిలే ట్రీట్లకీ ఆ ముద్ర ఉంది. ఈ సీసా మీద లేదు. ‘వెట్లు మెచ్చినది’ అని ఉంది, ఏ వెట్లో రాయలేదు.

ఇక ఆ ఫ్రీ సామాను. ఇనప పుల్లతో గీకితే పైన తెల్లగా కనిపిస్తుంది, కానీ పన్ను మీద గీతలు పడి పాచి ఇంకా తొందరగా అంటుకుంటుంది, చిగురు కింద ఉన్నది అలాగే ఉంటుంది. మత్తు ఇవ్వకుండా క్లీనింగ్ చేస్తామనే చోట్ల జరిగేదీ చాలావరకు ఇదే, పైపై మెరుగు. చిగురు కింద శుభ్రం చేయాలన్నా, ఎక్స్‌రే తీసి వేరు చూడాలన్నా మత్తు ఇవ్వాల్సిందే. కొమ్ము ముక్క అయితే డబ్బా విప్పగానే చెత్తలో వేయండి. గోటితో నొక్కితే నొక్కు పడనిది ఏదైనా పన్ను విరగ్గొట్టగలదు, విరిగేది ఎక్కువగా ఆ వెనక పెద్ద పన్నే.

డబ్బా మీద పసుపు పళ్లు తెల్లబడినట్టు ముందూ తర్వాతా ఫొటోలు వేశారు, అలా ఏమీ జరగదు. ఉన్న గార పోదు, కొత్తది పట్టకుండా ఆపుకోవడానికే ఇదంతా. మూడేళ్లు వచ్చేసరికి చాలా కుక్కలకి చిగుళ్ల జబ్బు ఎంతో కొంత మొదలై ఉంటుంది. చిగుళ్లు ఎర్రబడడం వరకైతే శుభ్రం చేసి రోజూ తోమితే మళ్లీ మామూలవుతాయి, లోపల ఎముక కరగడం మొదలైతే మాత్రం పోయింది తిరిగి రాదు. కాబట్టి నోటి కంపు, రక్తం, ఒక పక్కనే నమలడం ఉంటే ముందు వెట్‌కి చూపించి తర్వాత బ్రష్ పట్టుకోండి, నొప్పున్న నోట్లో తోమితే ఇక జన్మలో దగ్గరికి రానివ్వదు.

అయిదుకి రెండున్నర ఇస్తాను. పేస్ట్ విడిగా కూడా దొరుకుతుంది, అది చాలు.

డబ్బా మీద పిల్లులకి కూడా అని రాశారు, పిల్లి ఉన్నవాళ్లు కొనకండి. ఈ తలలేవీ పిల్లి నోట్లో పట్టవు, మా పిల్లికైతే ఆ చికెన్ రుచి కూడా నచ్చలేదు. వేలికి గాజుగుడ్డ చుట్టి తుడవడం ఒక్కటే మా దగ్గర కుదిరింది, అదీ తన మూడ్ బాగుంటేనే. పిల్లుల్లో పన్ను తనంతట తానే కరిగిపోయే జబ్బు ఒకటి చాలా ఎక్కువ, చిగురు అంచు తగలగానే దవడ టకటకా కొట్టుకుంటుంటే అది కావచ్చు, దానికి ఏ పేస్టూ పనిచేయదు, వెట్ ఎక్స్‌రే తీసి చాలాసార్లు ఆ పన్ను తీసేయాల్సే వస్తుంది.