సల్లీ: ఆ 208 సెకన్ల కోసమైనా చూడాల్సిన సినిమా

కథంతా ముందే తెలిసిన సినిమా చూడాలంటే నాకు బద్ధకం, అందులోనూ ఎవరూ చనిపోలేదని తెలిసిపోయిన విమాన ప్రమాదం, ఇంక చూడ్డానికేముంది అనుకుని 2016లో వచ్చిన ‘సల్లీ’ని ఇన్నేళ్ళు పక్కన పెట్టేశా. మొన్న ఆదివారం భోజనాలయ్యాక పెట్టా, 96 నిమిషాలే కదా, నిద్రొస్తే పడుకుందాంలే అని. పడుకోలేదు. మధ్యాహ్నం కునుకు లేకపోతే తలనొప్పి అనే మా అమ్మ కూడా పడుకోలేదు, అసలు విశేషం అది.

తెలియనివాళ్ళకి సంగతేంటంటే, 2009 జనవరి 15న న్యూయార్క్ లాగార్డియా ఎయిర్‌పోర్ట్ నుంచి షార్లెట్‌కి బయల్దేరిన యూఎస్ ఎయిర్‌వేస్ 1549, ఎయిర్‌బస్ ఏ320, గాల్లోకి లేచిన రెండు నిమిషాలకే బాతుల గుంపులోకి దూరిపోయింది. మన చెరువుల్లో కనిపించే చిన్న బాతులు కాదు, కెనడా గూస్ అని ఒక్కోటి నాలుగైదు కిలోలుంటాయి. రెండు ఇంజిన్లూ పోయాయి. అప్పటికి ఎత్తు మూడు వేల అడుగులు కూడా లేదు, కిందంతా బిల్డింగులే. కెప్టెన్ చెస్లీ సల్లెన్‌బర్గర్, అందరూ సల్లీ అంటారు, దాన్ని తీసుకెళ్ళి హడ్సన్ నది మీద దింపాడు. సిబ్బందితో కలిపి 155 మంది, ఒక్కరు కూడా పోలేదు. పక్షులు తగిలిన దగ్గర్నుంచి నీళ్ళని తాకేదాకా 208 సెకన్లు, అంతే.

ఇంత చిన్న ఘటనతో సినిమా ఎలా తీస్తారా అనుకున్నా. డైరెక్టర్ క్లింట్ ఈస్ట్‌వుడ్ దాన్ని వరసగా చెప్పకుండా ముక్కలు చేసి, ఒకసారి ప్రయాణికుల వైపు నుంచి, కింద కూర్చుని విమానాలకి దారి చెప్పే కంట్రోలర్ వైపు నుంచి చూపించి, చివర్లో మళ్ళీ కాక్‌పిట్‌లో కూర్చోబెట్టి చూపిస్తాడు. రెండోసారి వచ్చినప్పుడు, ఏమవుతుందో తెలిసి కూడా, నేను దిండు నలిపేస్తున్నానని తర్వాత చూసుకున్నా.

ఎందుకంటే అక్కడ ఎవరూ అరవరు. బాతులు తగిలాక ఇంజిన్ల హోరు ఆగిపోయి కాక్‌పిట్ ఒక్కసారి నిశ్శబ్దమైపోతుంది చూడండి, అక్కడ భయమేసింది నాకు. సల్లీగా చేసిన టామ్ హ్యాంక్స్ ‘నేను నడుపుతా’ అన్నట్టు ఒక్క ముక్క చెప్పి కంట్రోల్స్ తీసుకుంటాడు, కోపైలట్ జెఫ్ స్కైల్స్‌గా చేసిన ఆరన్ ఎకార్ట్ బుక్ తీసి చెక్‌లిస్ట్ చదవడం మొదలెడతాడు. ఆ చెక్‌లిస్ట్ సంగతి నేను తర్వాత చదివా: అది ఇరవై వేల అడుగుల పైన ఇంజిన్లు ఆగితే తీరిగ్గా చేసుకోవడానికి రాసింది, మూడు పేజీలు, వీళ్ళకున్న టైములో మొత్తం పూర్తయ్యే సీనే లేదు. సల్లీ మాత్రం ఆ వరస కోసం ఆగకుండా ముందే ఏపీయూ ఆన్ చేస్తాడు, అంటే తోక భాగంలో ఉండే చిన్న ఇంజిన్, విమానానికి ఇన్వర్టర్ లాంటిది అనుకోండి. కరెంటు ఉండబట్టే కంప్యూటర్లు బాగా పనిచేశాయి, విమానం చెప్పినట్టు విన్నది.

మా అమ్మ డౌటు: “ఇంజిన్లు ఆగిపోతే రాయిలా పడిపోదేంట్రా?” ఫ్లైఓవర్ మీద పెట్రోల్ అయిపోయిన స్కూటీ కిందిదాకా జారుకుంటూ రాదూ, అలాగే అన్నా. “మరి బ్రేకో?” అంది. నది అన్నా. ఇంక మాట్లాడలేదు.

విమానం మునుగుతుంటే సల్లీ నీళ్ళల్లో నడుచుకుంటూ చివరి సీట్ల దాకా వెళ్ళి, ఎవరైనా ఉన్నారా అని అరుచుకుంటూ వెతికి, అందరి తర్వాత బయటికొస్తాడు. ఆ తర్వాత ఎవరు కనిపించినా ఒకటే ప్రశ్న, లెక్క ఎంతయింది అని. 155 అని తేలాక హ్యాంక్స్ మొహంలో వచ్చేది ఆనందం కూడా కాదు, మోసుకొచ్చిన మూట దించుకున్నట్టు ఉంటుంది. పాపం ఆ కంట్రోలర్, విమానం కూలిపోయిందనే అనుకుని వేరే గదిలో ఒక్కడే కూర్చుంటాడు, చిన్న పాత్రే కానీ నాకు బాగా గుర్తుండిపోయింది. ఇంకోటి, కాపాడ్డానికి మొదట దగ్గరికొచ్చిన ఫెర్రీ పడవ కెప్టెన్ సినిమాలో తన పాత్ర తనే వేశాడట.

ఇప్పుడు తిట్టాల్సినవి. రెండు గంటలు కూడా లేని సినిమాకి విలన్ కావాలని ఎన్‌టీఎస్‌బీ వాళ్ళని, అంటే ప్రమాదాల మీద దర్యాప్తు చేసే సంస్థని, పట్టుకొచ్చి కూర్చోబెట్టారు. వాళ్ళు మొదటి రోజు నుంచే ‘నువ్వు రన్‌వేకి వెళ్ళుండొచ్చు కదా’ అని మొహాలు మాడ్చుకుని అడుగుతుంటారు, మా ఊరి అత్తగార్లు నయం. అసలు జరిగింది అది కాదు. విచారణ జరిగింది 2009 జూన్‌లో, రిపోర్ట్ వచ్చింది 2010లో, అందులో నదిలో దించడమే కరెక్ట్ అని వాళ్ళే రాశారు. సిమ్యులేటర్‌లో పైలట్ ఆలోచించుకునే టైము కింద 35 సెకన్లు కలిపి చూస్తే లాగార్డియా చేరలేదు, ఆ టెస్ట్ కూడా దర్యాప్తు వాళ్ళదే. సినిమాలో అదేదో సల్లీ అందరి ముందు వాదించి సాధించినట్టు చూపించారు. చప్పట్లు కొట్టబుద్ధేస్తుంది, కొట్టా కూడా, తర్వాత నిజం చదివి కొంచెం సిగ్గేసింది.

భార్యగా లారా లిన్నీ అంత మంచి నటి, సినిమా అంతా ఫోన్ పట్టుకునే ఉంటుంది, వేస్ట్ చేశారు. ఫ్లాష్‌బ్యాకులు రెండు మూడున్నాయి, లేకపోయినా నష్టం లేదు. బార్ సీన్ మాత్రం భలే ఉంటుంది, ఆయన పేరుతో డ్రింక్ పెడతారు: గ్రే గూస్ వోడ్కాలో చుక్క నీళ్ళు.

నా రేటింగ్ అయిదుకి మూడున్నర, ఆ విలన్ గోల లేకపోతే నాలుగు పైనే.

టైటిల్స్ పడుతుంటే అమ్మ అడిగింది, “మరి వాళ్ళ సూట్‌కేసులో?” సినిమాలో చెప్పలేదు, నేనే వెతికా. కంపెనీ ఒక్కొక్కరికి 5000 డాలర్ల చెక్కు పంపిందట, సామాన్లు కూడా తీసి ఆరబెట్టి తర్వాత తిరిగిచ్చారట. అక్క దగ్గరికి వెళ్ళినప్పుడల్లా పెట్టె సగం ఆవకాయ ప్యాకెట్లే సర్దే మనిషి, కాసేపు ఆలోచించి, “నయం, మనవాళ్ళెవరూ లేరు దాంట్లో, పచ్చళ్ళు ఆరబెడితే ఏం మిగుల్తాయి” అని లేచి టీ పెట్టడానికెళ్ళింది.