సర్పంచ్ కుర్చీ ఖాళీ అయితే ఉప సర్పంచా, ఉప ఎన్నికా?

మా ఆనందపురం వైపు ఊళ్ళల్లో సర్పంచ్ చనిపోయినా, రాజీనామా చేసినా జనం ముందుగా అనే మాట, "ఉప సర్పంచ్ ఉన్నాడు కదా, మళ్ళీ ఎన్నికలెందుకు?" ఖర్చు, గొడవలు, ఇంటింటా టెన్షన్ గుర్తొచ్చి అలా అంటారు. ఆ భయం నాకూ ఉంది. అయినా ఆ మాట ఒప్పుకోలేను.

సర్పంచ్‌కి ఊరంతా నేరుగా ఓటేస్తుంది. ఉప సర్పంచ్‌ని మాత్రం వార్డు సభ్యులు తమలోంచి ఎన్నుకుంటారు. జనం ఆయనకి వేసిన ఓట్లు ఒక్క వార్డువే. సభ్యులకి నచ్చకపోతే అవిశ్వాసం పెట్టి దించేయొచ్చు. విశాఖ మేయర్ సంగతీ అంతే. 2021లో కార్పొరేటర్లు ఎన్నుకున్న మేయర్, 2025 ఏప్రిల్‌లో అవిశ్వాసంతో దిగిపోయారు. నగరంలో ఓటరు మళ్ళీ బూత్ ముఖం చూడకుండానే కుర్చీ చేతులు మారింది. సర్పంచ్‌ని వార్డు సభ్యులు అలా దించలేరు.

రిజర్వేషన్ సంగతి నన్ను ఇంకా బాధపెడుతుంది. మన ఆంధ్రప్రదేశ్‌లో సర్పంచ్ పదవుల్లో సగం ఆడవాళ్ళవి. ఉప సర్పంచ్‌కి ఆ కేటాయింపు లేదు. దళిత మహిళకి దక్కిన కుర్చీ ఖాళీ అయితే, ఊళ్ళో పలుకుబడి ఉన్న మగవాడే అందులో కూర్చోవచ్చు. ఆ కుర్చీని తిరిగి ఆమె వర్గానికి చేర్చేది ఉప ఎన్నికే.

అలాగని ఉప సర్పంచ్ వద్దనను. మంచినీళ్ళ మోటారు కాలిపోతే మర్నాడే చూసే మనిషి కావాలి. ఎన్నిక జరిగేదాకా ఆయనే దిక్కు. పదవీకాలం చివర్లో ఖాళీ వస్తే మిగిలిన నెలలూ ఆయనతో గడిపేయొచ్చు.

ఈ రెండింటికన్నా అన్యాయమైనది ప్రత్యేకాధికారుల పాలన, అంటే ఎన్నికైనవాళ్ళు లేకుండా ప్రభుత్వాధికారులే పంచాయతీని నడపడం. పంచాయతీల పదవీకాలం 2018 ఆగస్టులో ముగిస్తే, మళ్ళీ ఓట్లు వేసింది 2021 ఫిబ్రవరిలో. 5 ఏళ్ళు నిండేలోపే ఎన్నికలు పెట్టాలని రాజ్యాంగం చెబుతున్నా రెండున్నరేళ్ళు అలాగే గడిచాయి. అప్పట్లో మా వీధి దీపం పోతే "ఎవుల్ని అడగాలిరా?" అనేది మా అమ్మ. సర్పంచ్ ఉన్న రోజుల్లో పొద్దున్నే వాళ్ళింటికి వెళ్ళి అరుగు మీద కూర్చునేది.

అందుకే ఉప ఎన్నికే మేలంటాను. మీ ఊళ్ళో సర్పంచ్ కుర్చీ ఖాళీ అయితే, ఆ విషయం పై అధికారులకి రాశారో లేదో పంచాయతీ కార్యదర్శిని అడగండి. రాశామంటే కాగితం చూపించమనండి.