రోడ్ బైక్‌తో టైమ్ ట్రయల్: బార్ల కంటే ముందు సీటు సంగతి చూడండి

క్లిప్-ఆన్ ఏరోబార్లు (హ్యాండిల్ మీద బిగించి మోచేతులు ఆనించే బార్లు), ఆఫ్‌సెట్ లేని సీట్‌పోస్ట్ (సీటును వెనక్కి జరపకుండా నేరుగా మోసే గొట్టం), ముక్కు చీలిన సీటు. టైమ్ ట్రయల్ (ఒక్కొక్కరుగా గడియారంతో పోటీపడే రేసు) కోసం మామూలు రోడ్ బైక్‌కి ఈ మూడూ బిగించి కొన్ని సీజన్లుగా వాడుతున్నాను. పెట్టిన డబ్బుకు ఫలితం గట్టిగానే ఉంది.

బార్ల పనితనం మీద అనుమానం అక్కర్లేదు. 1989 టూర్ డి ఫ్రాన్స్ చివరి రోజు 24.5 కి.మీ. టైమ్ ట్రయల్‌ని గ్రెగ్ లెమాండ్ వాటితోనే తొక్కి, 8 సెకన్ల తేడాతో టూర్ గెలిచాడు. చిక్కల్లా బార్లు మాత్రమే కొని ఆగిపోవడంలో ఉంది. రోడ్ ఫ్రేముల్లో సీట్ ట్యూబ్ (సీట్‌పోస్ట్ దిగే ఫ్రేము గొట్టం) నేలతో చేసే కోణం 73 డిగ్రీల దగ్గర ఉంటుంది. సీటు కదపకుండా మోచేతులు కిందికి దించితే నడుము దగ్గర మడత బిగుసుకుపోతుంది, తొడలు పొట్టకు తగులుతాయి, ఊపిరి అందదు, పెడల్ మీద బలం పడిపోతుంది.

అందుకే శరీరం మొత్తాన్ని బాటమ్ బ్రాకెట్ (పెడళ్లు తిరిగే ఇరుసు) చుట్టూ ముందుకు తిప్పాలి, ఆ కోణం 73 నుంచి 76-78 డిగ్రీలకు వచ్చేదాకా. సీటు ఎత్తు 75 సెం.మీ. అయితే డిగ్రీకి సుమారు 1.3 సెం.మీ. ముందుకు జరపాలి. సీటు ముందుకొస్తే పెడల్‌కి దగ్గరవుతుంది కాబట్టి 3 సెం.మీ. జరిపినప్పుడు ఒక 8 మి.మీ. పైకి కూడా లేపాలి. ఇది మరిస్తే మోకాలి ముందు భాగం నొప్పి పెడుతుంది. 25 మి.మీ. ఆఫ్‌సెట్ ఉన్న గుండ్రటి పోస్ట్‌ని తిరగేసినా 5 సెం.మీ. కలిసొస్తుంది, కానీ సీటును పట్టే కొన్ని క్లాంపుల్లో అప్పుడు సీటు సమతలానికి రాదు. రెండు బోల్టుల క్లాంప్ ఉన్నదే తీసుకోండి, ఒకే బోల్టువి బరువు ముక్కు మీద పడితే జారొచ్చు. ముక్కు 2 డిగ్రీలు కిందికి వంచితే చాలు. ఎక్కువైతే ముందుకు జారుతూ భుజాలతో ఆపుకోవాల్సి వస్తుంది. తిమ్మిరి వస్తే ఓర్చుకోకండి, సీటు మార్చండి.

ఇక బార్లు. వాటి క్లాంప్ హ్యాండిల్‌బార్‌లోని 31.8 మి.మీ. గుండ్రటి భాగం మీదే కూర్చోవాలి, స్టెమ్ (హ్యాండిల్‌ని ఫ్రేముకు కలిపే ముక్క) పక్కన ఆ భాగం ఎంత పొడవుందో కొనేముందే కొలవండి. పైభాగం చదునుగా ఉండే ఏరో హ్యాండిల్‌బార్లకు ఇవి సాధారణంగా పట్టవు. హ్యాండిల్‌బార్ కార్బన్‌ది అయితే తయారీదారు అనుమతి తప్పనిసరి. టార్క్ రెంచ్‌తో (బిగింపు బలం కొలిచే పనిముట్టు), బోల్టు పక్కన రాసిన అంకె వరకే బిగించి, బయల్దేరే ముందు ప్యాడ్ల మీద ఒంటి బరువంతా మోపి చూడండి. గతుకులో బారు తిరిగితే పడిపోవడమే.

ప్యాడ్ మోచేతికి కాస్త ముందు ఆనాలి, మోచేయి 90-100 డిగ్రీల మధ్య వంగాలి. మొదట ప్యాడ్లను ఎత్తులోనే ఉంచి, మెడ అలవాటయ్యాక 5 మి.మీ. చొప్పున దించండి. తలెత్తి రోడ్డు చూడలేనంత కిందికి దించడం శుద్ధ దండగ. స్టెమ్ మార్చడానికి తొందరపడొద్దు, సీటు ముందుకొచ్చాక రీచ్ (చేతులు చాపాల్సిన దూరం) ఎలాగూ తగ్గుతుంది.

నష్టాలూ ఉన్నాయి. బరువు ముందు చక్రం మీద పడి హ్యాండిల్ తేలికగా చలిస్తుంది, పక్కగాలికి మరీనూ. బ్రేకులు చేతికి దూరం కాబట్టి గుంపులో, మలుపుల్లో, స్పీడ్ బ్రేకర్ల దగ్గర చేతులు హుడ్స్ (బ్రేక్ లివర్ల పట్టు) మీదే ఉండాలి. ఈ సీటుతో దూరాలు తొక్కడం కూడా సుఖం కాదు. దానికి నాకు బాగా నచ్చిన మార్గం, మామూలు రోడ్ స్థానంలో సీటు బిగించిన రెండో సీట్‌పోస్ట్ ఒకటి ఉంచుకోవడం. ఎత్తు దగ్గర టేపు చుట్టుకుంటే మార్చడం ఒక్క అలెన్ కీతో అయిపోతుంది.