సద్గుణం, రాజ్యం: గుంటూరులో ఒక సాయంకాల అధ్యయన తరగతి

గుంటూరు అరండల్‌పేటలోని ఒక చర్చి హాలులో శనివారం సాయంత్రాలు జరిగే ఈ తరగతిలో క్రైస్తవ నీతిశాస్త్రాన్నీ పౌరజీవితాన్నీ కలిపి బోధిస్తున్నారు. ఆదివారం ప్రసంగాల్లో సద్గుణమంటే తాగుడు మానడం, ఇంటిని చక్కదిద్దుకోవడం వరకే ఎక్కువగా వినిపిస్తుంది. ఓటు వేసేటప్పుడూ, లంచం అడిగే అధికారి ఎదుట నిలబడినప్పుడూ అదే సద్గుణం అవసరమని ఇక్కడ బోధిస్తున్నారు. ఆ ఒక్క కారణానికే దీన్ని మనస్ఫూర్తిగా మెచ్చుకుంటున్నాను.

410లో గోత్ జాతివారు రోమును దోచుకున్న ఘటనతో, ఆ విపత్తుకు క్రైస్తవులే కారణమన్న నిందకు ఉత్తర ఆఫ్రికా బిషప్పు అగస్టీన్ 'దేవుని నగరం' అనే గ్రంథంలో ఇచ్చిన జవాబుతో పాఠాలు మొదలవుతాయి. తరువాత 13వ శతాబ్దపు క్రైస్తవ తత్త్వవేత్త థామస్ అక్వినాస్ వస్తాడు. వివేకం, న్యాయం, ధైర్యం, నిగ్రహం అనే నాలుగు మూల సద్గుణాలనూ, విశ్వాసం, నిరీక్షణ, ప్రేమలనూ వివరిస్తుండగా, డబ్బు తీసుకుని నచ్చినవారికే ఓటు వేస్తే తప్పేమిటని ఒక యువకుడు అడిగాడు. ఎవరికి చెందవలసినది వారికి ఇవ్వాలన్న స్థిరమైన సంకల్పమే న్యాయమనీ, ఓటు ఊరందరి మేలుకోసం మనకు అప్పగించినది గనుక దానికి వెల కట్టే హక్కు మనకు లేదనీ ఉపాధ్యాయుడు ఓపికగా చెప్పారు.

అన్నిటికన్నా గొప్పగా సాగినది ఆంబ్రోస్ పాఠం. 390లో థెస్సలొనీక ప్రజలను ఊచకోత కోయించిన రోమన్ చక్రవర్తి థియొడోసియస్‌కు, పశ్చాత్తాపపడేవరకు ప్రభుబల్లలో, అంటే చర్చిలో రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆరాధనలో, చోటు లేదని ఆ మిలాను బిషప్పు ఉత్తరం రాశాడు. చక్రవర్తి బహిరంగంగా పశ్చాత్తాపం ప్రకటించాడు. నాయకులను వేదికపైకి పిలిచి శాలువా కప్పడమే అలవాటైన మన సంఘాలు ఈ పాఠం తప్పక వినాలి.

ప్రొటెస్టంట్ మతసంస్కరణకు నాంది పలికిన జర్మన్ బోధకుడు లూథర్ విషయంలో మాత్రం తరగతి నిరాశపరిచింది. 1842లో లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ వచ్చిననాటి నుంచి లూథరన్ సేవకు నెలవైన ఈ ఊరిలో, ప్రభుత్వాధికారం ఎంతవరకు చెల్లుతుందో చర్చిస్తూ లూథర్ 1523లో రాసిన గ్రంథాన్ని కొద్ది నిమిషాల్లో ముగించారు. బైబిల్లోని రోమా పత్రిక 13వ అధ్యాయం చదివి పై అధికారులకు లోబడమన్నారే తప్ప, మనుష్యులకన్నా దేవునికే లోబడాలన్న అపొస్తలుల మాటను దాని పక్కన పెట్టలేదు. నాజీల కాలంలో, 1934లో, చర్చిపై ప్రభుత్వ పెత్తనాన్ని తిరస్కరిస్తూ జర్మనీలోని బార్మెన్‌లో కొందరు ప్రొటెస్టంట్లు చేసిన ప్రకటన ప్రస్తావనే రాలేదు.

రుసుము జిరాక్సు ఖర్చు మేరకే తీసుకుంటున్నారు, అయితే ఆ ప్రతుల్లోని అక్షరాలు పెద్దలకు కనబడనంత చిన్నవి. డిగ్రీ విద్యార్థులూ, సంఘ పెద్దలూ తప్పక చేరవలసిన తరగతి ఇది. తదుపరి విడతలో లూథర్‌కు కనీసం రెండు శనివారాలు కేటాయించాలని నిర్వాహకులను కోరుతున్నాను.