షిప్పులో వాకీటాకీలు: 6,400 పెట్టి రెండు జతలు కొన్నాం, ఎంతవరకు పనికొచ్చాయంటే

ముందే చెప్పేస్తున్నా, బాక్సు మీద 10 కిలోమీటర్లు అని రాసుంది. షిప్పులో డెక్ 10 మీద నిలబడి డెక్ 4లో ఉన్న మా ఆయన్ని పిలిస్తే వినపడలేదు. మధ్యలో ఉన్నది ఆరంటే ఆరు అంతస్తులు. అలాగని డబ్బులు దండగ అని కూడా అనను, ఎందుకంటే ఆ మూడు రాత్రుల్లో మా అత్తయ్య గారు రెండుసార్లు తప్పిపోతే రెండుసార్లూ దొరికింది ఈ వాకీటాకీ వల్లే, కాబట్టి మొత్తం చదివి మీరే డిసైడ్ అవ్వండి.

మేం మొత్తం పదిమందిమి. విజయవాడ సత్యనారాయణపురం నుంచి మేం ఆరుగురం, గుంటూరు బ్రాడీపేట నుంచి మా వదిన వాళ్ళు నలుగురు. చెన్నైలో షిప్పు ఎక్కి మళ్ళీ చెన్నైలోనే దిగే ట్రిప్పు. తీరం దాటి కొంచెం దూరం పోయాక మన సిమ్ములకి టవర్ ఉండదు, ఒకవేళ సిగ్నల్ కనపడినా అది షిప్పు వాళ్ళ నెట్‌వర్కు, మన మామూలు ప్లాన్ దానికి పని చెయ్యదు, ఇంటర్నేషనల్ రోమింగ్ బిల్లు పడుద్ది, అందుకే ఫోన్లన్నీ ఫ్లైట్ మోడ్‌లో పెట్టేశాం. పదిమందికీ వైఫై ప్యాకేజీ తీసుకోవాలంటే ఆ డబ్బుతో ఇంకో టికెట్ వచ్చేట్టుంది. నలుగురు పిల్లలు, ఇద్దరు పెద్దవాళ్ళు, మూడు క్యాబిన్లు. అప్పుడే మా మావయ్య గారు అన్నారు, వాకీటాకీలు కొందాం అని.

ఆయన రైల్వే గార్డుగా చేసి రిటైరయ్యారు (ఇప్పుడు ఆ పోస్టుని ట్రైన్ మేనేజర్ అంటున్నారు, 2022లో పేరు మార్చారు, ఆయన ముందు మాత్రం ఆ మాట ఎత్తకండి). సర్వీసులో వెనక బ్రేక్‌వ్యాన్‌లో కూర్చుని ముందు ఇంజన్లో ఉన్న డ్రైవర్‌తో వాకీటాకీలోనే మాట్లాడిన మనిషి. కాబట్టి కొనే పని ఆయనకే వదిలేశాం.

ఇక్కడే ఒక ముఖ్యమైన సంగతి. నేను ఆన్‌లైన్లో 1,800కే 5 వాట్లది చూసి ఆర్డర్ పెట్టబోయా. మావయ్య గారు చేతిలో ఫోన్ లాక్కున్నంత పని చేశారు. ఆ చవకవి ఏ ఫ్రీక్వెన్సీ కావాలంటే ఆ ఫ్రీక్వెన్సీకి పెట్టుకునే రకం, మన దేశంలో అవి వాడాలంటే లైసెన్సు కావాలి. లైసెన్సు అక్కర్లేకుండా మనలాంటోళ్ళు వాడుకోడానికి 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ వరకు బ్యాండ్ వదిలారు, 2018 రూల్స్‌లో ఉంది అది. 2025 మే నెలలో సెంట్రల్ కన్స్యూమర్ ప్రొటెక్షన్ అథారిటీ వాళ్ళు ఆన్‌లైన్ సైట్లకి నోటీసులు కూడా ఇచ్చారు, ఫ్రీక్వెన్సీ ఎంతో, లైసెన్సు కావాలో వద్దో చెప్పకుండా వాకీటాకీలు అమ్మేస్తున్నారని. పైగా షిప్పులో ఆ ప్రోగ్రాం చేసే సెట్లతో ఇంకో డేంజర్ ఉంది, పిల్లాడు బటన్లు నొక్కుతూ నొక్కుతూ పోయి 156.8 మీద పడ్డాడనుకోండి, అది సముద్రంలో ఆపదలో ఉన్నోళ్ళు పిలిచే ఛానెల్ 16. అక్కడ మనోడు "చాక్లెట్ ఐస్‌క్రీమ్ అయిపోయింది" అంటే ఎలా ఉంటుంది.

అందుకని బాక్సు మీద 446 అని, ఈటీఏ (ఆ మోడల్ సెట్టుకి ప్రభుత్వం ఇచ్చే ఆమోదం) సర్టిఫికెట్ నంబరు అని రెండూ ఉన్నవే తీసుకున్నాం. జత 3,200, రెండు జతలు. అర వాటు పవర్, 16 ఛానెళ్ళు, కేబుల్‌తో ఛార్జింగ్. మావయ్య గారి రైల్వే సెట్టు 5 వాట్లు, ఇది అందులో పదో వంతు. చేతిలోకి తీసుకుని "ఇది పిల్లల బొమ్మలా ఉందే" అన్నారు గానీ ముఖంలో సంతోషం మాత్రం దాగలేదు.

టెస్టింగ్ ప్రకాశం బ్యారేజీ మీద చేశాం. ఆదివారం పొద్దున్నే ఆరింటికి, ట్రాఫిక్ పెరగకముందే. నేను విజయవాడ వైపు, మా ఆయన నడుచుకుంటూ సీతానగరం వైపు. బ్యారేజీ 1,223 మీటర్ల పొడవు, 70 గేట్లు. మావయ్య గారు నా పక్కన నిలబడి "ఎన్నో గేటు?" అని అడుగుతుంటే ఆయన "20... 45... 60" అని చెప్పుకుంటూ పోయారు, అవతలి చివర దాకా గంట కొట్టినట్టు వినిపించింది. అడ్డం ఏం లేదు కదా, నీళ్ళ మీద నేరుగా వచ్చేసింది. అదే రోజు సాయంత్రం బీసెంట్ రోడ్డులో చూస్తే రెండు సందులు తిరిగేసరికి ఖర్‌ర్ మని ఒకటే గోల. అంటే బాక్సు మీద ఆ 10 కిలోమీటర్లు కొండ మీంచి మైదానంలోకి మాట్లాడితే వస్తాయేమో, మనకి ఊళ్ళో అయితే అర కిలోమీటరు వస్తే గొప్పే.

షిప్పు వాళ్ళని ముందే అడిగి, తీసుకెళ్ళొచ్చని కనుక్కునే బయల్దేరాం, మీరు కూడా తప్పకుండా అడగండి, ఒక్కో కంపెనీ రూలు ఒక్కోలా ఉంటుంది. పినాకినిలో చెన్నై వెళ్ళాం. పోర్టులో బ్యాగులు స్కాన్ చేసేచోట ఒకాయన సెట్లు బయటికి తీయించి చూశాడు, మావయ్య గారు ఖాళీ బాక్సు కూడా మోసుకొచ్చారు కాబట్టి దాని మీద 446 చూపించారు, పంపించేశాడు. ఆ బాక్సు ఎందుకండీ బరువు అని ఇంట్లో నేనే గొణిగా, అది వేరే సంగతి.

ఇక అసలు సంగతి, షిప్పులో ఎలా పని చేశాయి.

పైన ఓపెన్ డెక్‌లో, అంటే మా షిప్పులో డెక్ 10, ఈ చివర స్విమ్మింగ్ పూల్ నుంచి ఆ చివర అద్దాల బఫే దాకా సూపర్. పక్కనే కూర్చుని మాట్లాడినట్టే. ఒకే కారిడార్లో క్యాబిన్ నుంచి క్యాబిన్‌కి పర్లేదు. పైనుంచి కిందకి మాత్రం కష్టం. రెండు డెక్కుల తేడా అయితే మాట తెగి తెగి వస్తుంది, మూడు దాటితే అదృష్టం, ఆరు అయితే మర్చిపోండి. షిప్పంతా ఇనుమే కదా, నేల ఇనుము, గోడ ఇనుము, పై కప్పు ఇనుము. మనం స్టీలు బియ్యం డబ్బాలో కూర్చుని మూత పెట్టుకుని బయటోళ్ళని పిలుస్తున్నట్టే. రెండో రోజుకి మేం ఒక కిటుకు కనిపెట్టాం. షిప్పు మధ్యలో డెక్కులన్నీ కలిపి పెద్ద ఖాళీ హాలు ఉంటుంది, దాని చుట్టూ మెట్లు, గాజు లిఫ్టులు. ఆ మెట్ల దగ్గరికి వచ్చి మాట్లాడితే నాలుగు డెక్కుల కింద ఉన్నోళ్ళకి కూడా వినపడింది. అప్పట్నుంచి రూలు పెట్టుకున్నాం: పిలుపు అందకపోతే కంగారు పడొద్దు, ప్రతి గంటకీ పావు తక్కువకి అందరూ మెట్ల దగ్గరికి వచ్చి సెట్టు ఆన్ చెయ్యాలి.

మాట్లాడే పద్ధతి మావయ్య గారు నేర్పారు. బటన్ నొక్కాక ఒక్క సెకను ఆగాలి, లేకపోతే మొదటి మాట తెగిపోద్ది, "నేను రాను" అన్నది "రాను" అనే వినపడితే ఎవరు రారో అర్థం కాదు. ఇద్దరూ ఒకేసారి నొక్కితే ఇద్దరిదీ పోద్ది. చెప్పడం అయిపోయాక "ఓవర్" అనాలి. మా వదిన చిన్నోడు మొదటి రోజంతా "తాతయ్యా, ఇంకా ఎన్ని ఓవర్లు?" అని ఆడిస్తూనే ఉన్నాడు. అత్తయ్య గారైతే ఓవర్ అనడం మానేసి "అయిపోయిందండీ" అనేవారు, అదే బావుంది నిజానికి.

ఆవిడ మొదటిసారి తప్పిపోయింది మొదటి రాత్రే. డిన్నర్ అయ్యాక పెరుగన్నంలోకి ఆవకాయ సీసా క్యాబిన్లో మర్చిపోయానని లేచారు, ఎవరినీ తోడు రానివ్వలేదు. పది నిమిషాలు, ఇరవై నిమిషాలు, మనిషి రారు. ఆ కారిడార్లు చూస్తే అర్థమవుతుంది, అన్నీ ఒకటే రంగు కార్పెట్టు, ఒకటే రకం తలుపులు, షిప్పు కుడివైపో ఎడమవైపో తెలీదు. డైనింగ్ హాలు ఒక్క డెక్కే పైన కాబట్టి మాట అందింది.

"ఎక్కడున్నావే?"

"ఇక్కడేనండీ."

"ఇక్కడంటే ఎక్కడ?"

"తలుపుల దగ్గర."

మావయ్య గారు ఒక్క క్షణం కళ్ళు మూసుకుని, డ్యూటీ గొంతుతో "కిలోమీటరు రాయి నంబరు చెప్పు" అన్నారు. మేమంతా నవ్వు ఆపుకోలేకపోతున్నాం గానీ ఆవిడకి అర్థమైంది, నలభై ఏళ్ళ కాపురం కదా, పక్కన తలుపు మీద నంబరు చదివారు. మా క్యాబిన్‌కి సరిగ్గా అవతలి వైపు కారిడార్. మా ఆయన వెళ్ళి తీసుకొచ్చారు. ఆవకాయ మాత్రం ఆ పూటకి రాలేదు.

ఇప్పుడు నా కంప్లైంట్. ఈ సెట్టులో వాక్స్ అని ఒక ఫీచరుంది, అది ఆన్ అయితే బటన్ నొక్కక్కర్లేదు, మనం మాట్లాడితే చాలు దానంతటదే అందరికీ వినిపించేస్తుంది. దీన్ని ఆన్ చేసే మీట పక్కనే, లాక్ లేకుండా పెట్టారు. రెండో రోజు మధ్యాహ్నం నేనూ మావయ్య గారూ పూల్ దగ్గర కుర్చీల్లో ఉన్నాం, సెట్టు టేబుల్ మీద ఉంది. అత్తయ్య గారూ వదినా ఆ చివర బఫేలో. ఉన్నట్టుండి సెట్టులోంచి అత్తయ్య గారి గొంతు: "అమ్మాయి మంచిదేనే, కాదనను, పప్పులో ఉప్పు మాత్రం ఎన్నేళ్ళైనా కుదరదు, ఈ షిప్పోళ్ళ పప్పే నయం." పక్క కుర్చీలో తమిళ ఫ్యామిలీ, వాళ్ళకి తెలుగు రాదనే అనుకుంటున్నా. మావయ్య గారు గబగబా బటన్ నొక్కి ఆపమని చెప్తున్నారు, కానీ అవతలి సెట్టు మాట్లాడుతున్నంతసేపూ మన మాట దానికి చేరదు కదా. అలా ఒక నాలుగు నిమిషాలు, ఉప్పు నుంచి నేను కొన్న కర్టెన్ల దాకా విన్నా. చివరికి ఆవిడ నోట్లో ముద్ద పెట్టుకున్నప్పుడు గ్యాప్ దొరికింది, "మీ మాటలు లైన్ మీద వస్తున్నాయి, ఓవర్" అన్నారాయన. ఆ తర్వాత చాలాసేపు అటువైపు నుంచి ఏ శబ్దమూ లేదు. ఆ రోజు రాత్రి నాకు స్వీటు రెండుసార్లు వడ్డించారు.

కాబట్టి కొన్న రోజే మాన్యువల్లో చూసి వాక్స్ ఆఫ్ చేసి దాని మీద టేపు వేసెయ్యండి. టైమ్ అవుట్ అని ఇంకోటి ఉంటుంది, అది పెడితే ఒకరు నిమిషం దాటి మాట్లాడినా, బ్యాగులో బటన్ నొక్కుకుపోయినా దానంతటదే కట్ చేస్తుంది. మాకు ఈ గొడవ అయ్యాకే దాన్ని వెతికాం.

ప్రైవసీ కోడ్ అని గొప్పగా రాస్తారు, దాన్ని నమ్మొద్దు. కోడ్ పెడితే మనకి వేరేవాళ్ళ మాటలు వినపడవు అంతే, అదే ఛానెల్లో కోడ్ లేకుండా ఉన్నోళ్ళకి మన మాటలన్నీ వినపడతాయి. ఛానెల్ 1 అందరూ వాడతారు, మొదటి రోజు మాకు ఎవరో హిందీలో "పింకీ, టవల్ లే ఆ" అని వినిపిస్తూనే ఉంది, 11కి మారాక ప్రశాంతం. క్యాబిన్ నంబర్లు, రూములో ఎవరూ లేరు అన్న సంగతులు దీంట్లో గట్టిగా చెప్పకండి, ఆవిడ నంబరు చదివాక నాకు ఇది తట్టింది. ఇంకోటి, ఇయర్‌ఫోన్ వాడండి దయచేసి, షో జరుగుతున్న హాల్లో ఖర్‌ర్ మంటే నలుగురూ తిరిగి చూస్తారు, మాకు ఆ అనుభవం కూడా అయింది.

బ్యాటరీ రోజంతా వచ్చింది, పిల్లల దగ్గరున్నది మాత్రం సాయంత్రానికే అయిపోయేది. క్యాబిన్లో ప్లగ్గులు తక్కువ, ఎక్స్‌టెన్షన్ బాక్సులు చాలా షిప్పుల్లో ఒప్పుకోరు, ఒకేసారి రెండు మూడు కేబుళ్ళు పెట్టుకునే ఛార్జర్ ఒకటి పట్టుకెళ్ళండి. బెల్టు క్లిప్పు మూడో రోజే విరిగింది. అమ్మినోళ్ళకి రెండుసార్లు మెసేజ్ పెట్టా, "మీ సమస్య మాకు ముఖ్యం" అని వచ్చింది, అంతే.

ఇద్దరే వెళ్తుంటే ఇవి అక్కర్లేదు, షిప్పు యాప్‌లో చాట్ ఉంటే చూసుకోండి, క్యాబిన్లో ఫోన్ ఎలాగూ ఉంటుంది, తలుపు మీద చీటీ అంటించినా సరిపోద్ది. ఫోన్ ముట్టుకోని పెద్దవాళ్ళూ, పూల్ దగ్గర్నుంచి కదలని పిల్లలూ ఉన్న ఫ్యామిలీ అయితే తీసుకోండి. నేనైతే అయిదుకి మూడున్నర ఇస్తా. మావయ్య గారు నాలుగు ఇమ్మంటున్నారు, అత్తయ్య గారు మార్కులు వేయనన్నారు.

ఇప్పుడు ఒక జత మా ఇంట్లో ఉంది, మేడ మీద వడియాలకి కాపలా కూర్చున్నప్పుడు మావయ్య గారు కాఫీకి పిలవడానికి వాడుతున్నారు. రెండో జత వదిన వాళ్ళు గుంటూరు పట్టుకెళ్ళారు, ఇంకా తిరిగి రాలేదు.