పిచ్చాసుపత్రులు మూసేసిన రెండు దారులు: అమెరికా, ఇటలీ

1955లో అమెరికా ప్రభుత్వ మానసిక ఆసుపత్రుల్లో సుమారు 5.6 లక్షల మంది ఉండేవారు. 1963లో అధ్యక్షుడు కెన్నెడీ సంతకం చేసిన చట్టం బయట వైద్య కేంద్రాలు పెడతామంది, కానీ అనుకున్నన్ని కట్టనేలేదు, ఆసుపత్రులు మాత్రం ఖాళీ అవుతూ పోయాయి, ఎంతోమంది రోడ్డున పడ్డారు, కొందరు జైళ్లకు చేరారు. తలచుకుంటేనే బాధేస్తుంది.

ఇటలీలో 1971లో ట్రియెస్తే నగరంలోని మానసిక ఆసుపత్రికి వచ్చిన డాక్టర్ ఫ్రాంకో బసాలియా మొదట తలుపులు తెరిచాడు, రోగులకు కూలి వచ్చే పని చూపించాడు, ఊళ్లో కేంద్రాలు పెడుతూ ఆసుపత్రిని తగ్గించుకుంటూ వచ్చాడు. 1973లో రోగులు పెద్ద నీలం గుర్రం బొమ్మతో వీధుల్లోకి ఊరేగారు! 1978లో దేశమంతటా పిచ్చాసుపత్రులను క్రమంగా మూసేయాలన్న 180వ చట్టం వచ్చింది. ఇటలీ అంతటా ఇంత బాగా జరగలేదు, చాలాచోట్ల భారం కుటుంబాల మీదే పడింది. అయినా నా ఓటు ట్రియెస్తేకే.