వాక్యమా, శ్రీసభా, పాస్టర్ గారి మాటా: ఏది మేలు?

మాది తిరుపతిలో లూథరన్ కుటుంబం. నా భార్య వాళ్లు చిత్తూరు దగ్గర రోమన్ కథోలికులు, కడప మేత్రాసనం (అక్కడి బిషప్ పరిధి) కిందికి వస్తారు. మామగారి మొదటి వర్ధంతికి ఫాదర్ గారు పూజ చేస్తూ, చనిపోయినవాళ్ల కోసం ప్రార్థించే సందర్భం ఉన్న మక్కబీయుల రెండవ గ్రంథం 12వ అధ్యాయం చదివించారు. నా పక్కన మా పెద్దమ్మ తన బైబిల్ పాత నిబంధన చివరి పుస్తకం మలాకీ దాకా తిప్పింది, కొత్త నిబంధన మత్తయిలోకి వచ్చేసింది, మళ్లీ వెనక్కి తిప్పింది.

"ఏదీ, నా బైబిల్లో చూపీ నాయనా" అంది చెవిలో.

లేదు. ఆమెది 66 పుస్తకాల బైబిల్, వాళ్లది 73. ఆ ఏడు పుస్తకాల దగ్గరే అసలు గొడవంతా ఉంది: విశ్వాసం విషయంలో చివరి మాట ఎవరిది, బైబిల్ వాక్యానిదా, శ్రీసభ అనే కథోలిక సంఘానిదా, పాస్టర్ గారిదా?

వాక్యమే చివరి మాట అంటాం మేము, లూథరన్లం. పాపాల శిక్ష తగ్గుతుందంటూ పాపపరిహార పత్రాలు డబ్బుకు అమ్ముతున్న రోజుల్లో ఎదురు మాట్లాడాడు మా సంఘానికి మూలమైన జర్మన్ సంస్కర్త లూథర్. 1521లో చక్రవర్తి ముందు వోర్మ్స్ సభలో నిలబెట్టి అడిగితే, లేఖనంతోనో స్పష్టమైన తర్కంతోనో నా తప్పు చూపండి, పోపులూ బిషప్పుల మహాసభలూ కూడా పొరబడ్డాయి అన్నాడు. బైబిల్లోనే బెరయ అనే ఊరివాళ్లు అపొస్తలుడు పౌలు చెప్పిందాన్నే లేఖనాలతో సరిచూసుకున్నారు. "చూపీ" అని అడిగే హక్కు మా పెద్దమ్మకు అక్కడినుంచే వచ్చింది.

కానీ కథోలికుల వాదన కొట్టిపారేసేది కాదు. బైబిల్లో ఏ పుస్తకాలు ఉండాలో ఏ వచనంలోనూ లేదు. మన కొత్త నిబంధన 27 పుస్తకాల పట్టిక సరిగ్గా ఇలాగే మొదట కనిపించేది అతనాసియుస్ అనే బిషప్ 367లో రాసిన లేఖలో. అంటే తరతరాలుగా చదివి, వడగట్టి, తేల్చుకున్నది సంఘమే. నోటిమాటగా నేర్పినవి కూడా పట్టుకోమని పౌలు థెస్సలొనీకయులకు రాశాడు. పోపు, బిషప్పుల బోధనాధికారం వాక్యానికి పైన కాదు, దానికి సేవ చేసేదని రెండవ వాటికన్ మహాసభ 1965లో స్పష్టంగా చెప్పింది. అది చదవకుండా "వాళ్లకు పోపే బైబిల్" అనడం అన్యాయం. ఇంకో సంగతి మావాళ్లలో చాలామందికి తెలియదు: లూథర్ తన 1534 జర్మన్ బైబిల్లోంచి ఆ పుస్తకాలను తీసెయ్యలేదు. లేఖనంతో సమానం కావు గానీ చదవడానికి మంచివని విడిగా వేశాడు.

నాకు భయం వేసేది మూడో దారి. ఒక స్వతంత్ర సంఘంలో కొన్నాళ్లు కూర్చున్నాను. దశమభాగం (ఆదాయంలో పదోవంతు కానుక) లెక్క అడిగినందుకు "అభిషిక్తుణ్ణి ప్రశ్నిస్తావా" అన్నారు. అక్కడ మహాసభ లేదు, సినడ్ (సంఘ ప్రతినిధుల సభ) లేదు, నిజానికి వాక్యం కూడా లేదు, ఒక్క మనిషి నోరే ఉంది. అన్ని స్వతంత్ర సంఘాలూ అలా ఉండవు. ఉన్నచోట మాత్రం విశ్వాసికి ఎక్కడా దిక్కు లేదు.

నా మట్టుకు చివరి మాట వాక్యానిదే. అయితే ఒక్కడే గదిలో కూర్చుని తేల్చుకునే వాక్యం కాదు. అపొస్తలుల కార్యములు 15లో యూదులు కాని విశ్వాసులకు సున్నతి కావాలా అన్న గొడవ వచ్చినప్పుడు పేతురు ఉన్నాడు, పౌలు ఉన్నాడు. అయినా అందరూ కూర్చుని వాదించుకున్నారు, యాకోబు ఆమోసు ప్రవచనం ఎత్తాడు, ఆ తర్వాతే "పరిశుద్ధాత్మకును మాకును" తోచిందని ఉత్తరం రాశారు. నేను కోరుకునేది అలాంటి సంఘం.

తిరుగు ప్రయాణంలో పెద్దమ్మ నా భార్య లావు బైబిల్ అడిగి తీసుకుంది. బస్సు కుదుపులకు అక్షరాలు ఆగకపోయినా కళ్లద్దాలు సర్దుకుంటూ ఆ అధ్యాయం మొత్తం చదివింది. "నాకు ఒప్పుదల కాలేదు. మిగతాది ఇంటికాడ చదువుతా, ఉండనీ" అంది.